బ్లాంక్ మేడమ్

ఫ్లెక్సీ షాపాయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, "ఓసారి చూసుకోండి సార్, ప్రింటుకి వెళ్ళాక మార్చమంటే కుదరదు" అన్నాడు. తెర మీద మేడమ్ గారు ఉన్నారు. రిటైరైన రోజు తీసిన ఫోటో అది. చుట్టూ గులాబీలు, పైన రెండు పావురాలు, కింద మా కాలేజీ స్టాఫ్ తరఫున అశ్రునివాళి. పేరుకి ముందు 'డాక్టర్' అని ఉంది.

"డాక్టర్ తీసెయ్యండి" అన్నాను.

"అదేంటండి, మేటర్ మీ కాలేజీ వాళ్ళే కదా పంపారు!"

"ఆవిడ డాక్టర్ కాదండి."

"పోయినావిడే కదండీ. ఉంటే నిండుగా ఉంటుంది. ఇప్పుడెవరొచ్చి అడుగుతారు?"

"ఆవిడే అడుగుతారు."

ఆయన నా వైపు కాస్త జాలిగా చూసి తీసేశాడు. తీసేశాక పేరుకి ముందు కొంచెం జాగా మిగిలింది. అక్కడ ఇంకో గులాబీ పెట్టనా అన్నాడు. వద్దన్నాను. పావురాల విషయం నా చేతుల్లో లేదు.

ఎందుకు తీసేయాలో ఆయన అడగలేదు. అడిగినా షాపులో నిలబడి చెప్పే సంగతి కాదు.

రాజమండ్రిలో ఒకే కాలేజీలో, ఒకే స్టాఫ్ రూములో, ఎదురెదురు బల్లల దగ్గర చాలా ఏళ్ళు కూర్చున్నాం. ఆవిడ ఇనార్గానిక్ కెమిస్ట్రీ చెప్పేవారు. నేను చెప్పేది ఫిజికల్ కెమిస్ట్రీ, అంటే చెయ్యి తడవకుండా, చొక్కా కాలకుండా జీవితం గడుపుకోగలిగిన శాఖ. నాకు డాక్టరేట్ ఉంది. దేని మీద అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

ఆవిడ పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, భుజం దగ్గర పిన్ను, చేతి వేళ్ళకి ఎప్పుడూ కొంచెం గ్రీజు వాసన. ఏది తిప్పినా రెండు చేతులతో తిప్పేవారు. గాజు కవాటాల్ని ఒంటి చేత్తో తిప్పితే విరుగుతాయి కాబట్టి ఎడం చేత్తో ఆనించి పట్టుకుని కుడి చేత్తో తిప్పడం ఆ పనివాళ్ళ అలవాటు. ఆవిడకి ఆ అలవాటు ల్యాబ్ దాటి వచ్చేసింది. స్టాఫ్ రూములో కుళాయిని అలాగే తిప్పేవారు. మంచినీళ్ళ సీసా మూతనీ అలాగే. స్కూటీ తాళం తిప్పేటప్పుడు కూడా ఎడం చెయ్యి వెళ్ళి దాని మెడ పట్టుకునేది, అదేదో బెదిరిపోతుందన్నట్టు.

అందరినీ 'అండి' అనేవారు. మా వైపు అది పెద్ద విశేషమేం కాదు. ఆటోతో గుద్దినవాడు కూడా "చూసుకోవద్దాండి" అని మర్యాదగా కసురుతాడు. కానీ ఆవిడ, పొంగు మీదున్న ఫ్లాస్కుని చూసి "కాస్త ఆగండి, వస్తున్నా" అనడం నేను విన్నాను.

బ్లాంక్ మేడమ్ అన్న పేరు పిల్లలు పెట్టింది. కెమిస్ట్రీలో బ్లాంక్ అంటే, అసలు పదార్థం వెయ్యకుండా మిగతాదంతా అచ్చం అలాగే చేసి చూడటం. పదార్థం లేకుండానే అదే ఫలితం వస్తే, మనం పదార్థానికి ఇచ్చిన పేరు ప్రతిష్ఠలు వెనక్కి తీసుకోవాలి. ఆవిడ జీవితంలో ఏ సంగతి విన్నా మొదటి ప్రశ్న ఒకటే: "బ్లాంక్ పెట్టారాండి?"

బోటనీ ఆయన ఏదో తైలం రాస్తే మోకాళ్ళ నొప్పి నెలలో మాయమైందని మురిసిపోతుంటే, "ఇంకో మోకాలికి రాయకుండా చూశారాండి?" అన్నారు. ఆయన రెండింటికీ రాశాడు. అప్పటి నుంచి నొప్పి తగ్గిన ఆనందంలో కొంత తగ్గింది.

ఆవిడ లూథరన్ సంఘం మనిషి. తండ్రిగారు పాలకొల్లు దగ్గర మిషన్ బడిలో హెడ్మాస్టర్‌గా చేశారు. ఆదివారం తప్పకుండా క్వయిర్‌లో రెండో వరసలో నిలబడి పాడేవారు. ఒక ఏడు వానలు ఆలస్యమైతే గుడిలో ప్రత్యేక ప్రార్థన పెట్టారట. మర్నాడే వాన పడింది. పాస్టర్ గారు సంతోషంగా ఫోన్ చేస్తే, ఆవిడ కూడా మనసారా స్తోత్రం చెప్పి, చివర్లో "అవతలి ఊళ్ళో ప్రార్థన పెట్టలేదంట కదండీ, అక్కడ పడలేదా?" అన్నారు. ఇది ఆవిడే నాకు చెప్పారు. "ఆయన కోప్పడ్డారా?" అన్నాను. "లేదండి. మీకోసం కూడా ప్రార్థన చేస్తానన్నారు."

ఆవిడ చేస్తున్న పని ఏమిటో చెప్పాలి. క్లాసులో ఆవిడ చెప్పిన తీరుకంటే బాగా నేను చెప్పలేను. ఓ రోజు కారిడార్‌లో వెళ్తూ కిటికీ దగ్గర ఆగి విన్నాను.

"కార్బన్‌కి కార్బన్‌తో జంట బంధం ఉంటుంది, తెలుసు కదండీ. మీ ఇంట్లో నూనెలో ఉంటుంది. నెమ్మదైంది. గిన్నెలో పోసి గట్టు మీద పెడితే అలాగే ఉంటుంది. మూలకాల పట్టికలో దాని కింద అంతస్తులో ఉన్నది సిలికాన్. పెద్ద అణువు. అదీ అలాగే జంట కడదామని చూస్తుంది గానీ చెయ్యి సరిగ్గా అందదు. ఆ బంధం కుదురుగా ఉండదండి. ఏది దగ్గరికొస్తే దాన్ని పట్టేసుకుంటుంది. అసలు అలాంటి జంట ఉండనే ఉండదని పాత పుస్తకాల్లో రాసేశారు కూడా."

"మరి ఎలా ఉంచారు మేడమ్?"

"కొత్త పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ బాగా ఒళ్ళున్న మేనత్తల్నీ మేనమామల్నీ కూర్చోబెట్టారనుకోండి. ఇక పెద్దవాళ్ళెవరూ జంట దాకా రాలేరు. అలాగే సిలికాన్ చుట్టూ బాగా పెద్ద గుంపుల్ని తగిలించారు. జంట బతికింది. కానీ పెళ్ళిలో పిల్లలుంటారు కదండీ. మేనత్తల కాళ్ళ సందుల్లోంచి దూరి వెళ్ళిపోతారు. హైడ్రోజన్, అమోనియా, కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు. చిన్న అణువులంటే వీళ్ళే."

వెనక బెంచీ నుంచి ఒకడు, "వెళ్ళి ఏం చేస్తారు మేడమ్?"

"జంట మధ్యలో దూరి చెరో వైపూ ఎక్కుతారండి. జంట పూర్తిగా విడిపోదు. రెండు చేతులూ పట్టుకున్నవాళ్ళు ఒక చెయ్యి వదిలి, ఒక చేత్తో పట్టుకుంటారు. పిల్లలొచ్చాక ఎవరింట్లోనైనా అంతే."

క్లాసు నవ్వింది. ఆవిడ నవ్వలేదు. బోర్డు మీద బంధం గీస్తున్నారు.

ఆవిడకి కావలసింది హైడ్రోజన్. అమోనియా, కార్బన్ డయాక్సైడ్ ఆ జంట మధ్య దూరతాయని ఆవిడ తన ట్యూబుల్లోనే చూశారు. హైడ్రోజన్ కష్టం. దాన్ని రెండుగా విడదీసే పని మామూలుగా లోహాలది. వనస్పతి ఫ్యాక్టరీలో నికెల్ చేసేది అదే. "ఇసకలో ఉండే సిలికాన్, నికెల్ చేసే పని చేస్తే ఎలా ఉంటుందండి?" అనేవారు. మా జిల్లాల్లో ఇసక గురించి ఎవరైనా అంత ఉత్సాహంగా మాట్లాడితే వెనక లారీలుంటాయి. ఆవిడ వెనక ఏమీ లేవు. ఒక పాత వాక్యూమ్ పంపు, ఒక ఓవెన్, పదార్థానికి గాలి తగలకుండా వెల్డింగ్ షాపులకి గ్యాసు అమ్మేవాడి దగ్గర కొన్న ఆర్గాన్ సిలిండర్.

ఆ సిలిండర్ కొన్నప్పుడు నేనూ వెంట వెళ్ళాను.

"ఇందులో తేమ ఎంత ఉంటుందండి?" అన్నారు ఆవిడ.

"దీంతో కొట్టిన గేట్లు ఇరవై ఏళ్ళు తుప్పు పట్టవండి" అన్నాడు అతను గర్వంగా.

"నాది గేటు కంటే కొంచెం సున్నితమైందండి" అని, ఆ ఆర్గాన్‌ని మళ్ళీ ఆరబెట్టుకోవడానికి ఓ పెద్ద గాజు స్తంభం కట్టుకున్నారు.

యాభై దాటాక పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యారు. గైడ్ గారు ఉత్తరాదిన ఓ పెద్ద సంస్థలో ఉండేవారు, మనవాడే, తణుకు వైపు మనిషి. సెలవుల్లో అక్కడికి వెళ్ళి ఆ సిలికాన్ జంటలున్న పదార్థం తయారుచెయ్యడం నేర్చుకుని, సీలు చేసిన గాజు బుడ్లలో కొంచెం తెచ్చుకునేవారు. నారింజ రంగు పలుకులు. వాటిని దూదిలో చుట్టి స్టీలు క్యారేజీలో పెట్టి, రైల్లో ఆ క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. సామర్లకోటలో ఎక్కినాయన ఒకాయన దాని వైపు చూసి చూసి, "దిగేది రాజమండ్రే కదండీ, ఇంకా విప్పరేంటి?" అన్నాడట. "విప్పితే పాడైపోతుందండి" అన్నారట ఈవిడ. ఆయన కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడట.

ఎవరైనా "డాక్టర్ గారూ" అంటే "ఇంకా కాదండి" అనేవారు. ఆ 'ఇంకా'లో కొంచెం సిగ్గు, కొంచెం ధీమా ఉండేవి. యూనివర్సిటీ గడువు పొడిగించి, పొడిగించి, ఇదే ఆఖరని రాసింది. డిసెంబర్ ఆఖరు లోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. వచ్చే ఏడు రిటైర్మెంట్. తర్వాత ఆ ల్యాబ్ గదిలో స్కిల్ సెంటర్ పెడతామని మేనేజ్‌మెంట్ అప్పటికే కొలతలు తీయించింది. మిగతా అధ్యాయాలు అయిపోయాయి. కానీ గైడ్ గారి మాటల్లోనే, హైడ్రోజన్ లేకపోతే అది పెళ్ళికూతురు లేని పెళ్ళి ఫోటో.

ఆగస్టులో, ముసురు పట్టి ఉన్న రోజుల్లో, ఆ పలుకుల్ని ద్రావకంలో కరిగించి, హైడ్రోజన్ నింపి సీలు చేసిన ట్యూబులో నారింజ రంగు పోయింది. నీళ్ళలా తెల్లబడింది. ట్యూబు గైడ్ గారికి పంపితే స్పెక్ట్రమ్‌లో సిలికాన్‌కి హైడ్రోజన్ అంటుకున్న గుర్తు కనిపించింది. ఆవిడ స్టాఫ్ రూము అందరికీ తాపేశ్వరం కాజాలు పంచారు. నాకు రెండిచ్చారు. మీటింగులో ప్రిన్సిపాల్ వేదిక మీంచి మైకులో డాక్టర్ గారనే పిలిచేశారు. "ఇంకా కాదండి" అని కింద నుంచే అన్నారు, నవ్వుతూ.

వారమైనా కాలేదు. మధ్యాహ్నం వాన. కరెంటు పోయింది. నేను ఆవిడ ల్యాబ్‌లో గొడుగు కోసం వెతుక్కుంటున్నాను. ఆవిడ ఓవెన్ ముందు నిలబడిపోయారు. దాని ఎర్ర లైటు ఆరిపోయి ఉంది.

"ఆ ట్యూబు గాజు ఆరబెట్టిన రోజు కూడా పోయింది కదండీ కరెంటు?"

"మన ఊళ్ళో కరెంటు పోని రోజు ఏదైనా ఉంటే చెప్పండి మేడమ్ గారూ, దాన్ని గుర్తుపెట్టుకుంటాను."

ఆవిడ వినలేదు. "ఓవెన్ చల్లారితే గాజు మళ్ళీ తేమ పీల్చేసుకుంటుందండి" అన్నారు, నాతో కాదు.

విషయం ఇది. కంటికి ఎంత పొడిగా కనిపించినా గాజు మీద నీటి పొర ఉంటుంది. వానాకాలంలో, గోదావరి ఒడ్డున, మరీ. నీళ్ళు కూడా చిన్న అణువే. అదీ ఆ జంట మధ్య దూరగలదు. దూరితే అప్పుడూ నారింజ రంగు పోతుంది. అప్పుడు కూడా ఒక సిలికాన్‌కి హైడ్రోజన్ అంటుకుంటుంది. రెండో దానికి అంటుకునే ముక్క వేరే, కానీ దాని గుర్తు పలచగా ఉండి కనపడకపోవచ్చు. అంటే కాజాలు పంచిన ఫలితం హైడ్రోజన్‌దో, ముసురుదో తెలీదు.

రెండు రోజుల తర్వాత నా బల్ల మీద, అదే ఓవెన్‌లో ఆరబెట్టి సీలు చేసిన రెండు ట్యూబులు పెట్టారు. రెండింట్లోనూ నారింజ రంగు. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి తెల్ల దారం.

"రోజూ పొద్దున్నే చూసి, దేని రంగు ముందు తగ్గుతోందో చెప్పండి."

"హైడ్రోజన్ దేంట్లో ఉంది?"

"అది చెప్తే మీరు చూడరండి, నమ్ముతారు."

రోజూ చూశాను. కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుని, వెనక తెల్ల కాయితం పెట్టి. రెండూ తగ్గాయి. పసుపు అయ్యాయి. ఆ పసుపూ పలచబడింది. ఓ రోజు ఉదయం ఆవిడ నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చెప్పండి."

"రెండూ ఒకేలా పోతున్నాయండి."

"ఏదీ కాస్త ముందు లేదా?"

"లేదండి."

"ఒక్క పిసరు?"

ఆవిడ దేన్నైనా అడుక్కోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. వెలుగులో మళ్ళీ పట్టి చూశాను. ఎంత చూసినా రెండూ ఒకటే.

"లేదు మేడమ్ గారూ."

సీసా మూత రెండు చేతులతో తిప్పి నీళ్ళు తాగారు. "థాంక్సండి" అన్నారు. లేచి వెళ్ళబోతూ, "ఎర్ర దారంలో ఉత్త నైట్రోజనండి. బ్లాంక్" అన్నారు.

ఆ సాయంత్రం గైడ్ గారికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టి చేశారు. నేను వినాలనేమో. సాక్షి లేకుండా ఆవిడ ఏ పనీ చేసేవారు కాదు.

"స్పెక్ట్రమ్‌లో పీక్ ఉంది కదమ్మా" అన్నారాయన. "ఎగ్జామినర్లు పీక్ చూస్తారు గానీ మీ ఊరి కరెంటు చూడరు. ముందు రాసి పంపెయ్యండి. మిగతాది తర్వాత తీరిగ్గా తేల్చుకుందాం."

"నీళ్ళు కలిసినా ఆ పీకే వస్తుంది కదండీ, సార్."

చెడ్డ మనిషి కాదాయన. ఆవిడ గడువు ఆయనకి ఆవిడ కంటే బాగా గుర్తుంది.

"వస్తుంది" అన్నారు చివరికి. "ఏం చేద్దామంటారు?"

"వానలు తగ్గనివ్వండి. ఈసారి ఓవెన్‌ని నమ్మను. పంపు పెట్టి, మంట మీద ఆరబెట్టి సీలు చేస్తాను."

"డిసెంబర్ అమ్మా."

"తెలుసండి."

నవంబర్ చివర్లో గాలి కాస్త పొడిబడ్డాక, మిగిలిన పదార్థమంతా వాడేసి మూడు ట్యూబులు సీలు చేశారు. రెండింట్లో హైడ్రోజన్, ఒకదాంట్లో నైట్రోజన్. ఈసారి ఏది ఏదో నాకు చెప్పారు. దాచిపెట్టి ప్రయోజనం లేదనుకున్నారేమో. ఆ హైడ్రోజన్ ట్యూబుల్లో రంగు పోవాలని నేను రోజూ కోరుకున్నాను. ఒక ఫిజికల్ కెమిస్ట్రీ మాస్టారు చెయ్యగలిగిన సాయం అంతే.

రంగు పోలేదు. చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం వెలిగింది. ఆవిడ క్వయిర్ ప్రాక్టీసుకి వెళ్తూ వచ్చి చూసేవారు, తిరిగొస్తూ చూసేవారు. మూడూ నారింజగానే ఉన్నాయి, పక్కపక్కన, పెళ్ళిలో అక్కచెల్లెళ్ళ చీరల్లా. హైడ్రోజన్ ఒకటి, నైట్రోజన్ ఒకటి గైడ్ గారికి పంపారు. కొత్త పీక్ ఏదీ లేదు, రెండింట్లోనూ పదార్థం చెక్కుచెదరలేదని ఆయన చెప్పారు. ఒక హైడ్రోజన్ ట్యూబు మిగిలింది.

"ఇంకొన్నాళ్ళు చూద్దామాండి?" అన్నాను, డిసెంబర్ ఆఖర్లో.

"అది చెప్పేసిందండి. మనమే వినట్లేదు."

థీసిస్ పంపలేదు. హైడ్రోజన్ తీసేసి మిగతాదే ఇమ్మని గైడ్ గారు చెప్పారు. ఆవిడ కూర్చుని చూసుకుంటే, ఆ మిగతా ట్యూబుల్లో కొన్ని కూడా ఆ ఓవెన్‌లో ఆరినవే. అన్నీ మళ్ళీ చెయ్యాలి. గడువు లేదు, పదార్థం లేదు, కొన్నాళ్ళకి గదీ ఉండదు. జనవరి ఒకటిన ఆఫీసు సూపరింటెండెంట్ గారు గుమ్మంలోంచే, "డాక్టర్ గారూ, హ్యాపీ న్యూ ఇయర్!" అన్నాడు.

"కాదండి" అన్నారు ఆవిడ. "మీక్కూడా."

ఆ ఏడు ప్రిన్సిపాల్ రిటైరైతే ఇన్‌చార్జ్ కావలసి వచ్చింది. సీనియారిటీలో ఆవిడే ముందు. డాక్టరేట్ ఉందని నన్ను కూర్చోబెట్టారు. మొదట వచ్చి అభినందించింది ఆవిడే. కుర్చీ చక్రం ఒకటి వదులుగా ఉందని, కూర్చునేటప్పుడు జాగ్రత్తని చెప్పి వెళ్ళారు.

బాధపడ్డారా అంటే, పడ్డారు. అది నాకెలా తెలుసంటే, ఫిబ్రవరిలో బోటనీ ఆయన మళ్ళీ ఏదో తైలం గురించి స్టాఫ్ రూమంతా వినేలా చెబుతుంటే, ఆవిడ ఏమీ అడగలేదు. ఆయనే మధ్యలో ఆగి ఆవిడ వైపు చూశాడు, అడుగుతారని. ఆవిడ పేపర్లు దిద్దుకుంటున్నారు. ఆయన మాట కూడా అక్కడే ఆగిపోయింది. ఆ మౌనం కొన్ని వారాలు సాగింది.

ఆవిడ ఆఖరి క్లాసు ఏప్రిల్‌లో. ఇన్‌చార్జ్‌గా నేను కూడా వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. శాలువా నా బ్యాగులో ఉంది. పిల్లలు కేకు తెచ్చారు. ఆవిడ కేకు పక్కన పెట్టి, బర్నర్లన్నీ ఆర్పించి, కిటికీలు తెరిపించి, పర్సులోంచి దూదిలో చుట్టిన ట్యూబు తీశారు. నారింజ రంగు ఎండలో దీపంలా వెలిగింది.

"ఇది హైడ్రోజన్‌తో ఇన్ని నెలలు కలిసి ఉందండి. ఏమీ అవలేదు. ఇది హైడ్రోజన్‌ని విడగొడుతుందని నేను అందరికీ చెప్పాను. స్వీట్లు కూడా పంచాను. అది తప్పు. మొదటిసారి రంగు పోయింది తేమ వల్ల."

ముందు బెంచీలో ఒకమ్మాయి నెమ్మదిగా అడిగింది. "అంటే, ప్రయోగం ఫెయిలైనట్టా మేడమ్?"

"ప్రయోగం బాగానే అయిందండి. నేను అనుకున్నది అవలేదు."

గాజు మీద ఆకురాయితో ఒక గీత గీసి, ముక్కు విరిచారు. చిన్నగా 'ఠప్' మంది. గాలి తగిలేలా ఒకసారి ఊపి ఎత్తి పట్టుకున్నారు. పైనుంచి రంగు పలచబడటం మొదలైంది. నారింజ పసుపైంది, పసుపు గడ్డి రంగైంది, అంతే, నీళ్ళు. ఏళ్ళ తరబడి ఆవిడ దేన్ని తగలనివ్వకుండా కాపాడారో, ఆ గాలి గదినిండా మామూలుగా వీస్తోంది, అందరం పీల్చుకుంటున్నాం.

"అయ్యో, దాచుకోవచ్చుగా మేడమ్?" అన్నాడు ఒకడు.

"నాకు తెలిసిపోయింది కదండీ. మీరు చూడలేదుగా."

వెనక వరస పిల్లలు సరిగ్గా కనపడలేదని లేచి నిలబడ్డారు. "మేడమ్, మేడమ్, ఇంకోసారి చూపించండి మేడమ్!"

"ఇంకోటి లేదండి" అన్నారు ఆవిడ. విరిగిన ట్యూబుని ముందు బెంచీ అమ్మాయి చేతికిచ్చి, వెనక్కి పంపమన్నారు, అంచు పదునుగా ఉంటుంది, చూసుకుని పట్టుకోండి అంటూ.